లాన్ పచ్చగానే ఉండాలి, బిల్లు మాత్రం తగ్గాలి: నెల్లూరు, ఒంగోలు వైపు కళ్యాణమండపాలు, హోటళ్లు, కాలేజీల వాళ్లు చేయాల్సిన పనులు

హైవే పక్కన కళ్యాణమండపం కావచ్చు, ఊరి చివర కాలేజీ కావచ్చు, హోటలో ఆసుపత్రో కావచ్చు. ముందు భాగంలో ఓ పాతిక సెంట్ల లాన్ ఉందంటే ఎండాకాలంలో దాని ఖర్చు మూడు చోట్ల తేలుతుంది. బోరు మోటారు తిరిగినందుకు కరెంటు బిల్లులో, బోరు చేతులెత్తేస్తే ట్యాంకర్ల లెక్కలో, మున్సిపల్ కొళాయి ఉంటే ఆ బిల్లులో. మూడు కాగితాలు మూడు తేదీల్లో వస్తాయి, ముగ్గురు మనుషులు కడతారు. అందుకే "లాన్‌కి నెలకి ఎంతవుతోంది?" అని అడిగితే చాలాచోట్ల మేనేజర్ దగ్గర జవాబు ఉండదు.

దీనికి అసలు కారణం నీళ్ల కరువు కాదు. నీళ్లు పెట్టేది మాలి, బిల్లు కట్టేది ఆఫీసు. "గడ్డి ఎండితే నన్ను తిడతారు సార్, నీళ్లు ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు" అని ఒక మాలి అన్నాడు. అతని తప్పేం లేదు. మనం పచ్చదనం ఒక్కటే అడిగాం, అతను అదొక్కటే ఇస్తున్నాడు. ఎన్ని లీటర్లలో పచ్చగా ఉంచాలో కూడా చెప్పిన రోజు బిల్లు దారికొస్తుంది. ఆ లీటర్లు ఎంతో తేల్చుకోవడం దగ్గర మొదలుపెడదాం.

ముందు కొలత

లాన్ ఎంతుందో కొలవండి. అంకణాల్లో అనుకున్నా, గజాల్లో అనుకున్నా, చివరికి చదరపు మీటర్లలోకి మార్చుకోండి, లెక్క సులువవుతుంది. ఒక సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు. పాతిక సెంట్లు అంటే ఇంచుమించు 1,000. షామియానా వేసే చోటు, కార్లు ఆపే చోటు, టైల్స్ పరిచిన దారి తీసేయండి. గడ్డి ఉన్నది మాత్రమే లెక్క. మొక్కల వరసలు, చెట్లు విడిగా రాసుకోండి, వాటి సంగతి తర్వాత.

ఇక నీళ్లు. తోట లైనుకి విడిగా వాటర్ మీటర్ ఉంటే అదృష్టవంతులు. లేకపోతే మామూలు మెకానికల్ మీటర్ ఒకటి తోట వైపు వెళ్లే పైపుకి బిగించండి, ప్లంబర్‌కి అరపూట పని. అప్పటిదాకా ఆగలేకపోతే 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి, స్ప్రింక్లర్లకి వెళ్లే లైనుని అందులోకి వదిలి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 80 సెకన్లలో నిండితే మీ మోటారు నిమిషానికి 150 లీటర్లు ఇస్తున్నట్టు. స్ప్రింక్లర్లు తిరిగేటప్పుడు ప్రెజర్ వల్ల కొంచెం తక్కువ వస్తుంది గానీ, లెక్క మొదలుపెట్టడానికి ఇది చాలు. ఈ పరీక్షని మార్చిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేయండి. బోరులో నీటిమట్టం దిగిపోయాక అదే మోటారు తక్కువ నీళ్లు ఇస్తుంది, కరెంటు మాత్రం ఇంచుమించు అంతే తాగుతుంది.

గడ్డికి నిజంగా ఎంత కావాలి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటర్ నీళ్లు అంటే సరిగ్గా ఒక లీటరు. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా ఎక్కాలే.

మన వైపు నడి ఎండాకాలంలో, రోహిణి కార్తె రోజుల్లో, లాన్ గడ్డి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుంది. డిసెంబర్, జనవరిలో అందులో సగం దాకా చాలు. అంటే పాతిక సెంట్ల లాన్‌కి మే నెలలో రోజుకి 5,000 లీటర్లు, ఒక ట్యాంకర్. స్ప్రింక్లర్‌లో గాలికి కొట్టుకుపోయేది, అంచులు దాటి పడేది కలుపుకుంటే 6,500 అనుకోండి.

ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. పొద్దున గంట, సాయంత్రం గంట మోటారు. నిమిషానికి 150 లీటర్ల చొప్పున రెండు గంటలకి 18,000 లీటర్లు. కావాల్సింది 6,500. మిగతా 11,500 లీటర్లు వేళ్లు దాటి కిందికి పోతున్నాయి, లేకపోతే గేటు బయట రోడ్డు మీద పారుతున్నాయి. 6,500 లీటర్లకి ఈ మోటారు ముప్పావు గంట తిరిగితే చాలు.

డబ్బుల్లో చెప్పుకుందాం. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ గంటకి నాలుగున్నర యూనిట్ల చుట్టూ లాగుతుంది. రోజుకి గంటంబావు అదనంగా తిరిగితే నెలకి 170 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలు అనుకుంటే 1,700. ఈ మొత్తానికి ఎవరికీ టెన్షన్ రాదు, అందుకే ఏళ్ల తరబడి అలా నడిచిపోతుంది. కానీ మే నెలలో బోరు తగ్గి ట్యాంకర్లు మొదలయ్యాయనుకోండి, అదే అలవాటు రోజుకి రెండు ట్యాంకర్ల పైన అదనపు ఖర్చు, నెలకి అరవై పైన. మీ ఊళ్లో ట్యాంకర్ రేటు పెట్టి గుణించి చూసుకోండి. అసలు దెబ్బ అక్కడ.

కరెంటు బిల్లులో చూడాల్సినవి

కరెంటు ఇచ్చే సంస్థ నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్ అయినా, టారిఫ్ మాత్రం ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) రాష్ట్రమంతటికీ ప్రకటించేదే. మామూలు కమర్షియల్ ఎల్‌టీ (లో టెన్షన్) సర్వీసులో స్లాబులు ఉంటాయి, పైకి పోయేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. కళ్యాణమండపాలు, కాలేజీల కేటగిరీ వేరు కావచ్చు, బిల్లు మీద చూసుకోండి. ఏసీలు, లైట్లు, లిఫ్టు ఎలాగూ తప్పవు కాబట్టి, స్లాబులున్న సర్వీసులో తోట మోటారు యూనిట్లన్నీ పై స్లాబులో పడ్డట్టే లెక్కవేయాలి. అక్కడ తగ్గించిన ప్రతి యూనిటూ అత్యంత ఖరీదైన యూనిట్. మీది హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు అయితే వాడకం ఎక్కువుండే పీక్ గంటలకి రేటు వేరుగా ఉండొచ్చు, బిల్లు మీద ఆ వరస వెతకండి. తోట మోటారుకి ఆ గంటలతో పనే లేదు.

ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉన్న సర్వీసులో అవి కనెక్టెడ్ లోడ్‌ని, అంటే మీ సర్వీసు కింద కాగితాల్లో ఉన్న మోటార్లు, ఏసీలు అన్నిటి మొత్తం సామర్థ్యాన్ని బట్టి పడతాయి. పాత 10 హెచ్‌పీ మోటారు తీసేసి 5 హెచ్‌పీ పెట్టుకున్నా, ఎండిపోయిన బోరు మోటారు ఇంకా కాగితాల్లో ఉన్నా, లోడ్ తగ్గించమని దరఖాస్తు పెట్టుకోండి. వాడని దానికి నెలనెలా కట్టాల్సిన పని లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పక్కనే మన పొలం ఉంది, అక్కడ వ్యవసాయ సర్వీసు ఉంది, ఓ పైపు లాగేస్తే సరిపోతుందిగా అనే తెలివి ఊరి చివర మండపాల్లో కనపడుతుంది. అది తెలివి కాదు. 2003 నాటి విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద దాన్ని అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏకంగా పన్నెండు నెలలకి వేయొచ్చు. లాన్ మీద నాలుగేళ్లలో మిగిల్చింది ఒక్క తనిఖీలో పోతుంది.

కారుతున్న చోట్లు

ఫంక్షన్ లేని రోజు రాత్రి తోట వాల్వులన్నీ కట్టేసి, మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. తెల్లవారి మాలి రాకముందే మళ్లీ ఫోటో. అంకె కదిలిందంటే మీటర్ తర్వాత ఎక్కడో పైపు కారుతోంది. నిమిషానికి ఒక్క లీటరు కారినా రోజుకి 1,440 లీటర్లు. మీటర్ లేని చోట ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, లోపల నీటిమట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీసి, పొద్దున్నే చూడండి.

ఎక్కువగా దొరికే చోట్లు ఇవి: షామియానా గుంజలు దిగ్గొట్టినప్పుడు పగిలిన పైపు, క్యాటరింగ్ బండి చక్రం ఎక్కి వంగిన పాప్-అప్ స్ప్రింక్లర్, సంపులో ఫ్లోట్ వాల్వు చెడి పొద్దస్తమానం పొంగడం. మండపాల వాళ్లకి ఒక సులువైన ఉపాయం ఉంది. పైపులు ఎక్కడ పోతున్నాయో ఒక కాగితం మీద గీసి, ఆ కాపీని షామియానా వాళ్ల చేతిలో పెట్టండి. గుంజ ఎక్కడ దించకూడదో వాళ్లకి తెలిస్తే సగం మరమ్మతులు తప్పుతాయి.

లాన్‌లో ఒక చోట మాత్రం ఎప్పుడూ గడ్డి మరీ ముదురుపచ్చగా, ఏపుగా ఉండి, అడుగు వేస్తే చిత్తడిగా ఉంటే మురిసిపోకండి, అక్కడ తవ్వించండి.

గిన్నెల పరీక్ష

మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే, ఖర్చు సున్నా. వంటగదిలోంచి ఒకే సైజు టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఓ పదిహేను తీసుకోండి. పైనా కిందా వెడల్పు ఒకటే ఉండాలి, అడుగు సన్నగా ఉన్న గ్లాసులు పనికిరావు. లాన్ మీద చెల్లాచెదురుగా పెట్టండి: కొన్ని స్ప్రింక్లర్ పక్కన, కొన్ని రెండిటి మధ్య, కొన్ని మూలల్లో. సరిగ్గా ఇరవై నిమిషాలు తిప్పి ఆపండి. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలుతో ప్రతి గిన్నెలో ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో కొలిచి రాయండి.

అన్నిట్లో 2, 3 మిల్లీమీటర్లు ఉంటే మీ లైన్లు బాగున్నాయి. సాధారణంగా అలా ఉండదు. ఒకదాంట్లో 5, ఇంకోదాంట్లో అడుగు తడిసిందంతే. మొత్తం వృథాకి మూలం ఈ తేడానే. ఆ ఎండే మూలని బతికించడానికి మాలి మొత్తం లాన్‌ని గంట తడుపుతాడు. మూల ఒక్కటే కావాల్సినంత తాగుతుంది, మిగతాదంతా మునుగుతుంది. కాబట్టి నిమిషాలు తగ్గించే ముందు ఆ మూల సంగతి చూడాలి. నాజిల్‌లో ఇసుక చేరి ఉంటుంది, విప్పి కడగండి. స్ప్రింక్లర్ వాలిపోయి ఉంటుంది, నిటారుగా చేయండి. ఒకే లైనులో రెండు కంపెనీల నాజిళ్లు ఉంటాయి, ఒకే రకం వేయండి. గడ్డి పెరిగి తలని కప్పేసి ఉంటుంది, చుట్టూ కోయండి. ప్రెజర్ చాలకపోతే లైనుని రెండు వాల్వులుగా విడగొట్టి ఒకదాని తర్వాత ఒకటి తిప్పండి. అప్పటికీ ఆ మూల వరకు అందకపోతే, అక్కడ గడ్డి అవసరమా అని ఆలోచించండి.

ఇరవై నిమిషాలకి సగటున ఎన్ని మిల్లీమీటర్లో తెలిశాక టైమర్ లెక్క తేలిగ్గా వస్తుంది. సగటు 2.5 అయితే, మే నెలలో 5 మిల్లీమీటర్లకి నలభై నిమిషాలు. జనవరిలో ఇరవై.

మన వాన వేరు, మన క్యాలెండర్ వేరు

యూట్యూబ్‌లోనూ, హైదరాబాద్ నర్సరీల వాళ్లు ఇచ్చే కాగితాల్లోనూ "జూన్ నుంచి నీళ్లు తగ్గించండి" అని ఉంటుంది. మనకి అది చెల్లదు. నైరుతి మన జిల్లాల్లో అంతంత మాత్రం. నెల్లూరుకి ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనాల్లో, తుపానుల్లో పడుతుంది. జూన్, జులైలో వడగాలి తగ్గొచ్చు గానీ నేల మాత్రం ఇంకా ఎండే ఉంటుంది. మరోవైపు నవంబర్‌లో జోరున వాన కురుస్తుంటే టైమర్ దాని పని అది చేసుకుపోయి స్ప్రింక్లర్లు తిరిగే వింత దృశ్యం మన దగ్గరే కనపడుతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను లాంటిది వస్తే లాన్‌కి రోజుల తరబడి ఒక్క చుక్క అక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే తోట మెయిన్ వాల్వు కట్టేయడం వాచ్‌మన్ పనుల్లో రాసి పెట్టండి. రెయిన్ సెన్సర్ ఉన్న టైమర్ దొరికితే మంచిదే, లేకపోతే వాచ్‌మన్ చాలు.

కళ్యాణమండపాలకి ఇంకో క్యాలెండర్ కూడా ఉంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢం వచ్చినప్పుడూ అంతే. ఎవరూ ఫోటో దిగని నెలలో లాన్ కాస్త పసుపు తిరిగితే కొంప మునగదు. గరిక జాతి గడ్డికి నీళ్లు సగానికి తగ్గించినా చావదు, నిద్రపోతుంది, మళ్లీ తడి తగలగానే లేస్తుంది. శ్రావణం ముహూర్తాలకి రెండు వారాల ముందు నుంచి మామూలు లెక్కకి తెచ్చి, కొంచెం యూరియా చల్లండి. మొదటి రిసెప్షన్ నాటికి లాన్ తేరుకుంటుంది. ఓనర్ గారికి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే ఆషాఢంలో ఒకరోజు వచ్చి చూసి మాలి మీద ఎగురుతారు.

ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి

తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు లోపు. గాలి ఉండదు, ఎండ ఉండదు, పగలంతా గడ్డికి ఆ తడి ఉంటుంది. మన తీరం వైపు మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది, ఆ సమయంలో స్ప్రింక్లర్ వేస్తే పక్క పార్కింగ్‌లో కార్లు కడిగినట్టే. రాత్రంతా తడిగా ఉంచితే గడ్డికి బూజు తెగుళ్లు, అది కూడా వద్దు.

నేలని బట్టి పద్ధతి మారుతుంది. కోట, ముత్తుకూరు, అల్లూరు లాంటి తీర ప్రాంతాల ఇసుక నేలలో ఒకేసారి ఎక్కువ పెడితే కిందికి జారిపోతుంది, రోజూ కొంచెం పెట్టాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో నీళ్లు మెల్లగా ఇంకుతాయి. అక్కడ నలభై నిమిషాలు ఏకబిగిన తిప్పితే పైన పారి కాలవలోకి పోతుంది. పదిహేను నిమిషాలు తిప్పి, అరగంట ఆపి, మళ్లీ తిప్పండి. పైగా రేగడి నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు రోజుల నీళ్లు కలిపి ఒక రోజు పెట్టినా ఇబ్బంది లేదు. ఎర్రనేలలు ఈ రెండిటికీ మధ్య. అసలు తడి అవసరమా అన్నది తెలుసుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి మాలి చేతిలో పెట్టండి. నాలుగంగుళాలు సులువుగా దిగితే ఆ రోజు మోటారు వేయక్కర్లేదు.

గడ్డి కోసే మిషన్ బ్లేడు ఎత్తు కూడా నీళ్ల లెక్కే. ఎండాకాలంలో నున్నగా గొరిగించొద్దు, రెండంగుళాల వరకు ఉంచండి. గడ్డి నీడ నేల మీద పడితే తడి నిలుస్తుంది, వేళ్లు లోతుకి పోతాయి. ఒక్కసారికి మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు.

మొక్కలకీ చెట్లకీ లాన్ లైను వద్దు

చాలాచోట్ల ఒకే వాల్వు మీద లాన్, క్రోటన్లు, చెట్లు అన్నీ ఉంటాయి. విడగొట్టండి. బోర్డర్ మొక్కలకి డ్రిప్ వేయండి. గంటకి 4 లీటర్ల డ్రిప్పర్ మొక్కకి ఒకటో రెండో చాలు. చెట్లకి మొదలు దగ్గర కాదు, కొమ్మల నీడ అంచు కింద గుండ్రంగా పాదు చేసి వారానికోసారి నిండుగా పెట్టండి. నాలుగైదేళ్లు దాటిన వేప, కానుగ, పొగడ చెట్లకి మామూలు ఏడాదిలో మీ నీళ్లతో పెద్దగా పని లేదు.

డ్రిప్ వేశాక మర్చిపోతే అదో తంటా. ఫిల్టర్ వారానికోసారి కడగాలి, మొక్కల వరస వెంట పోయే సన్నటి (లేటరల్) పైపుల చివర క్యాపు తీసి నెలకోసారి ఫ్లష్ చేయాలి. ఎండాకాలంలో ఉడతలు నీళ్ల కోసం పైపులు కొరుకుతాయి, మొక్కల మొదట్లో చిన్న మట్టి మూకుడులో నీళ్లు పెడితే పైపుల జోలికి తక్కువగా వస్తాయి.

నేల మీద కప్పు వేయడం మన దగ్గర కారుచౌక, అయినా ఎవరూ వేయరు. నెల్లూరులో రైస్ మిల్లుల ఊక ఉంది, తీరంలో సరుగుడు ఆకు ఉంది, వేరుశనగ పొట్టు ఉంది, కొబ్బరి పీచు ఉంది. ఏది దొరికితే అది మూడంగుళాల మందాన వేయండి. మొదలుకి ఆనకుండా కొంచెం ఎడం వదలండి, లేకపోతే చెదలు పడతాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ ముక్కలు చవక కదా అని మొక్కల చుట్టూ నల్ల చిప్స్ పోయించే వాళ్లున్నారు. చూడ్డానికి బాగుంటుంది గానీ మే నెల ఎండకి ఆ రాళ్లు కాలి మొక్కలు వాడిపోతాయి. గ్రానైట్ చిప్స్ దారుల పక్కన, అసలు మొక్కలే లేని చోట వేయండి.

లాన్ ఎంత ఉండాలి

నీళ్లు తగ్గించడానికి అన్నిటికంటే గట్టి పని లాన్‌ని తగ్గించడమే. స్టేజీ ముందు, ఫోటోలు దిగే చోట, పిల్లలు ఆడే చోట గడ్డి ఉండాలి, ఒప్పుకుంటాను. కాంపౌండ్ గోడ వెంట మీటరు వెడల్పు పట్టీలో, జనరేటర్ రూము వెనక, పార్కింగ్ మధ్య ఎందుకు? ఇలాంటి సన్నటి పట్టీల్లో స్ప్రింక్లర్ నీళ్లు సగం సిమెంటు మీదే పడతాయి. వాటిని తీసేసి కాగితం పూలు, గన్నేరు, దేవగన్నేరు, తంగేడు పెట్టండి. ఇవి ఎండని లెక్కచేయవు, ఫోటోల్లోనూ బాగుంటాయి.

కడియం నుంచి లారీలో దింపే మొక్కలు కళ్లకి ఇంపుగా ఉంటాయి. కానీ గోదావరి నీళ్లు తాగి పెరిగిన ఆ క్రోటన్లు మన ఉప్పుబోరు నీళ్లకి ఆకుల అంచులు మాడ్చుకుంటాయి. ఆర్డర్ ఇచ్చే ముందు మీ బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) చూసుకోండి, జేబులో పట్టే మీటర్ కొన్ని వందల్లో వస్తుంది. 450 లోపు ఉంటే ఏది వేసినా బతుకుతుంది. 2,000 దాటితే మామూలు లాన్ గడ్డి మీద ఆశ వదులుకోండి. మధ్యలో ఉంటే ఉప్పుని ఓర్చుకునే గరిక జాతి గానీ, సముద్ర తీరాలకి పనికొచ్చే పాస్పాలం గడ్డి గానీ వేయండి. నర్సరీలో మెక్సికన్ గ్రాస్ అని అంటగట్టే మెత్తటి గడ్డి చూడముచ్చటగా ఉంటుంది, దానికి చాకిరీ ఎక్కువ.

ఉప్పు నీళ్ల విషయంలో ఇంకో సంగతి. రోజూ పైపైన చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే పేరుకుంటుంది, తెల్లటి పొర కనపడుతుంది. అప్పుడప్పుడు నిండుగా పెట్టి ఉప్పుని వేళ్ల కిందికి దించాలి. ఇసుక నేల అయినా ఈ ఒక్క మినహాయింపు పాటించండి.

డబ్బు పెట్టక్కర్లేని నీళ్లు

ఏసీల నుంచి కారే నీళ్లు. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, ఒక్కో స్ప్లిట్ ఏసీ గంటకి లీటరు పైన వదులుతుంది. నలభై గదుల హోటల్‌లో రోజుకి ఎనిమిది గంటలు నడిస్తే మూడు, నాలుగు వందల లీటర్లు, బోర్డర్ మొక్కలకి సరిపోయేంత. పైగా ఇందులో ఉప్పు ఉండదు కాబట్టి మన బోరు నీళ్లలో కలిపితే మొక్కలకి మేలు. డ్రెయిన్ పైపులన్నీ కలిపి ఒక సింటెక్స్ ట్యాంకులోకి దించండి.

ఆర్‌వో ప్లాంటు నుంచి వదిలేసే నీళ్లు మాత్రం తోటకి వద్దు. అందులో ఉప్పు బోరు నీళ్లకంటే ఎక్కువ. పార్కింగ్ కడగడానికి, టాయిలెట్లకి వాడండి.

పెద్ద క్యాంపస్‌లో ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) సరిగ్గా నడుస్తుంటే ఆ నీళ్లే లాన్‌కి అన్నిటికంటే మంచి దారి, అయితే స్ప్రింక్లర్‌తో గాల్లోకి చిమ్మకండి, జనం తిరగని వేళ పైపుతోనో డ్రిప్‌తోనో పెట్టండి. వాసన వస్తోందంటే ప్లాంటు సరిగ్గా నడవడం లేదని అర్థం, ముందు దాన్ని బాగుచేయించండి.

వాన నీళ్ల లెక్క ఆశ్చర్యంగా ఉంటుంది. 1,000 చదరపు మీటర్ల పైకప్పు మీద నెల్లూరు లాంటి చోట ఏడాదిలో పడేది దాదాపు పది లక్షల లీటర్లు. కానీ అందులో ఎక్కువ భాగం మూడు నెలల్లోనే పడుతుంది, సంపులో దాచడం అయ్యే పని కాదు. బోరు పక్కన ఇంకుడుగుంతలోకి పంపండి. బోరు మట్టం పెరుగుతుంది, టీడీఎస్ కూడా తగ్గుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వల్ల కొత్త బోరు వేయడానికి అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత కూడా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. ఉన్న బోరుని కాపాడుకోవడమే చవక.

ట్యాంకర్ వాళ్లతో

సంపు లోపల పొడవు, వెడల్పు కొలవండి. 3 మీటర్లు, 2 మీటర్లు ఉంటే ఒక్క సెంటీమీటర్ ఎత్తుకి 60 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఖాళీ చేస్తే మట్టం 83 సెంటీమీటర్లు పెరగాలి. సంపు గోడ మీద పెయింటుతో స్కేలు గీయించండి, బండి రాకముందు ఒక అంకె, పోయాక ఒక అంకె. 65 మాత్రమే పెరిగితే మీకు అందింది 3,900. డ్రైవర్‌తో గొడవ అక్కర్లేదు, అంకె చూపిస్తే చాలు. నీళ్లు దించేటప్పుడు టీడీఎస్ కూడా చూడండి, ఉప్పు నీళ్లకి తీపి నీళ్ల రేటు కట్టొద్దు.

తాగే మున్సిపల్ నీళ్లని లాన్‌కి వాడకండి. ఒంగోలు లాంటి ఊళ్లో సాగర్ కాలవ నుంచి నింపిన సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల నీళ్లే ఊరంతటికీ ఆధారం. పైగా కమర్షియల్ కనెక్షన్ రేటు ఇంటి కొళాయి రేటు కాదు. మున్సిపల్ మీటర్ ఉంటే ప్రతి నెలా ఒకే తేదీన రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా బిల్లు మామూలుకి రెండింతలొస్తే, మీటర్ దగ్గర తప్పా మీ పైపులో లీకా అన్నది ఆ ఫోటోలే తేలుస్తాయి.

రిజిస్టర్, కాంట్రాక్టు

మోటారు స్టార్టర్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. రోజుకి ఒక్క వరస: తేదీ, ఆన్ చేసిన సమయం, ఆపిన సమయం, మీటర్ రీడింగ్, వాన పడిందా లేదా. మాలికి చదువు రాకపోతే వాచ్‌మన్ రాస్తాడు. శనివారం మేనేజర్ సంతకం పెట్టాలి. సంతకం లేని రిజిస్టర్ మూడో వారానికే ఆగిపోతుంది.

తోట మెయింటెనెన్స్ బయటి వాళ్లకి ఇచ్చి ఉంటే, కాంట్రాక్టు మళ్లీ రాసేటప్పుడు నెలవారీ లీటర్ల హద్దు చేర్చండి: మే నెలకి ఇంత, జనవరికి ఇంత, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో సున్నా. హద్దు లోపల పచ్చగా ఉంచితే చిన్న బోనస్, దాటితే కోత. సొంత మాలి అయితే జీతం కోత మాట ఎత్తకండి. తగ్గిన ట్యాంకర్ల డబ్బులో కొంత పండక్కి అతని చేతిలో పెట్టండి.

సెప్టెంబర్ చివరికల్లా పైకప్పు గొట్టాలు, ఇంకుడుగుంతలు శుభ్రం చేయించి, టైమర్ ఆపేయండి. వానలు వెళ్లిపోయాక జనవరిలో మళ్లీ తిప్పేటప్పుడు మే నెల నిమిషాలు పొరపాటున అలాగే ఉండిపోతాయి, వాటిని సగానికి దించి, డ్రమ్ము పరీక్ష ఇంకోసారి చేసి, ఆ రోజు రీడింగ్‌తో రిజిస్టర్‌లో కొత్త పేజీ తీయండి.